ఠేకీకి కట్టిన తెల్లగుడ్డ

మాకు ఏడాదంటే దసరా నాటి దసైం పండగ నుంచి మంగ్సిర్ నెల సగం దాకా ఉండే ఎనిమిది వారాలే. మిగతా నెలలు జలగలకీ మంచుకీ పోతాయి. ఆ ఎనిమిది వారాల్లో మా పన్నెండు మంచాల్లో ఎన్ని నిండాయన్నదే ఏడాది మొత్తానికీ లెక్క. నేను చెబుతున్న ఆ సీజన్‌లో పన్నెండూ నిండాయి. ఒక్క రాత్రి కూడా ఖాళీ లేదు. అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు, ఆ తర్వాత కూడా జరగలేదు.

మా తోర్‌పానీ ఊరు బస్సు రోడ్డు నుంచి రెండు రోజుల నడక. విదేశీయుల జట్లు రెండో రాత్రి మా దగ్గర పడుకుని, పైన కనుమ దాకా వెళ్లి, కొండల మీద పొద్దు పొడవడం చూసి, అయిదో రాత్రికి మళ్లీ మా దగ్గరికే దిగుతాయి. అంటే ఒక్కో జట్టుకీ రెండు రాత్రులు. వాళ్లు నడుస్తారు, చూస్తారు, ఫొటోలు తీస్తారు. ఎక్కడ పడుకోవాలన్నది మాత్రం గైడు చెప్పాలి. రాతిమెట్లన్నీ ఎక్కి వచ్చిన గైడు ఏ గడప ముందు తన సంచి దించితే వెనక వచ్చేవాళ్లంతా అక్కడే దించుతారు. మా ఊళ్లో లాడ్జి నడపడమంటే గైడు వీపు మీది సంచిని కనిపెట్టుకుని ఉండడమే.

అప్పటికి తొమ్మిదేళ్లుగా మా గడప ముందు సంచి దించుతున్న గైడు ఒకరున్నారు. ఆయన పేరు నేను పలకకూడదు. ఎందుకో మీకే తెలుస్తుంది. ఇతరులు పిలిచినప్పుడు పేరు మీ చెవిన పడుతుంది, నా నోట రాదు.

ఆ ఏడు వానాకాలం పోయేసరికి మా ఎదురుగా, బాటకి అవతల, కప్తాన్ లాడ్జి లేచింది. మూడంతస్తులు. భోజనాల గదికి నాలుగువైపులా అద్దాలు. మంచానికి రెండేసి రజాయిలు. సైన్యంలో పనిచేసి వచ్చిన కప్తాన్ పోఖరాలో కూర్చుని దాన్ని కట్టించాడు. గైడులకి విడిగా గది, దానికి పొయ్యి కూడా పెట్టించాడు. ఆయన దగ్గర లేనిది ఒక్కటే, మా చెల్లెలు మన్‌సరా.

మన్‌సరా వంట తిన్నవాళ్లు కిందికి దిగేటప్పుడు మళ్లీ అదే వంట కావాలంటారు. గుంద్రుక్ పులుసులో ఆమె తిమూర్ గింజలు ఎప్పుడు వేస్తుందో, ఎన్ని వేస్తుందో నా భార్య దిల్‌మాయాకి ఆరేళ్లయినా పట్టుబడలేదు. మన్‌సరా భర్త ఖతార్ నుంచి శవపెట్టెలో వచ్చిన ఏడాదికే ఆమె మా వంటింట్లోకి వచ్చింది. అది జరిగి అప్పటికి ఆరేళ్లు. కప్తాన్ రెండుసార్లు మనిషిని పంపి తన వంటింటికి రమ్మని అడిగించాడు. రెండుసార్లూ ఆమె నవ్వేసింది.

దసైం అక్షింతలు ఇంకా నుదుట ఎర్రగా ఉండగానే ఆ గైడు మొదటి జట్టుతో వచ్చారు. నేను పెరటిగోడ మీద దుప్పట్లు ఆరేస్తున్నాను. వంటింటి కిటికీలోంచి మన్‌సరా కేక వేసింది.

"ఎన్ని గొర్రెల్ని తోలుకొచ్చావు నర్‌జంగ్?"

"పదకొండు. ఒకటి కుంటుతోంది."

"కుంటేదాన్ని ముందు పంపు, వేణ్ణీళ్లు పెడతా. మిగతావాటిని బూట్లు బయట విప్పమను. ఇప్పుడే అలికాను."

"ఒకాయన పప్పు లేకుండా దాల్‌భాత్ కావాలంటున్నాడు."

"అన్నం కూడా వద్దనమను. నాకు పని తప్పుతుంది."

ఆయన సంచి మా గడప ముందే దించారు. నాకు ఊపిరి ఆడింది. బాటకి అవతల కప్తాన్ మేనేజరు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

అప్పట్లో మేమిద్దరం ఒరే అంటే ఒరే అనుకునేవాళ్లం. నన్ను ఆయన 'ఇంద్రే' అనేవారు. ఇంద్రమాన్ అన్న నా పేరుని అలా ముక్క చేసి పిలిచే మనిషి ఈ బాటలో ఆయన ఒక్కరే. జట్టుని గదుల్లోకి పంపేసి నేరుగా వంటింట్లోకి పోయి, పొయ్యి పక్క పీట మీద కూర్చుని, ఎవరూ అడగకుండానే వెల్లుల్లి ఒలవడం ఆయనకి అలవాటు. ఆ రోజు కూడా అలాగే కూర్చున్నారు. నేను కట్టెల మోపు దించడానికి లోపలికి వెళ్లాను. ఆయన నీలం కోటు మోచేతి దగ్గర ఎర్రదారంతో కుట్టు కనిపించింది. సన్నటి, దగ్గర దగ్గర కుట్లు. ఆ దారం నేను పోఖరాలో కొన్నదే. మన్‌సరా తన నడికట్టు నేయడానికని అడిగితే తెచ్చిన రంగు అది. ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువూ ఎక్కడికి పోయిందో నేను చూసుకుంటాను. నా స్వభావమే అంత.

మోపు దించి బయటికి వచ్చాను.

మర్నాడు పొద్దున జట్టు బయల్దేరే ముందు ఆయన నా పక్కకి వచ్చారు.

"ఇంద్రే, అయిదో రోజు దిగొస్తా. నీతో ఒక మాట ఉంది."

"ఇప్పుడే చెప్పరాదూ?"

"వట్టి చేతుల్తో చెప్పే మాట కాదు."

"కనుమ దగ్గర రెండు గదులు లేపుతున్నావట కదా?"

"నీకెవరు చెప్పారు?"

"కంచరగాడిదలు తోలేవాడు. రాళ్లు నువ్వే కొట్టించావన్నాడు."

"రాళ్లు కొట్టించా," అన్నారు ఆయన బూటు తాడు బిగించుకుంటూ. "పొయ్యి ఇంకా పెట్టలేదు. పొయ్యి పెట్టాలంటే పెట్టే మనిషి ఉండాలిగా."

ఆ మాట అంటూ ఆయన నా వైపు చూడలేదు. వంటింటి కిటికీ వైపు చూశారు. తర్వాత సంచి భుజానికెత్తుకుని జట్టు ముందు నడిచారు.

ఆ మూడు రోజులూ నేను లెక్క వేశాను. ఆయన కప్తాన్ లాడ్జికి మారితే నా మంచాలు పోతాయి. మారకుండా మా చెల్లెల్ని చేసుకుని కనుమ దగ్గరికి తీసుకుపోతే వంటిల్లు పోతుంది. వంటిల్లు పోయాక మంచాలు ఎన్నాళ్లుంటాయి? ఎటు నుంచి చూసినా పోయేది నాదే. విధవ మళ్లీ పెళ్లి చేసుకోవడం మాలో తప్పు కాదు. ఆయనకి భార్య పోయి నాలుగేళ్లు. ఆయన మగర్, మేము గురుంగ్. ఊళ్లో ఒక వారం గుసగుసలాడి ఊరుకుంటారు. అడిగితే కాదనడానికి నా దగ్గర ఒక్క కారణం కూడా లేదు.

అడగకముందే ఏదైనా చెయ్యాలి.

నాలుగో రోజు మధ్యాహ్నం ఊరిపెద్ద ముఖియా దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఎండలో చాప వేసుకుని చోళ్లు చెరుగుతున్నాడు.

"బా, నేనొకరితో మీత్ కట్టాలనుకుంటున్నా."

చేట ఆపాడు. "ఈ కాలంలో మీత్ ఎవరు కడుతున్నార్రా? మా నాన్న కట్టాడు కొండల అవతలి భోటేవాడితో, ఉప్పు కోసం. ఎవరితో నువ్వు?"

"నా గైడుతో."

"నర్‌జంగ్‌తోనా? వాడు మంచోడు. వాడు సరేనన్నాడా?"

"మీత్ అడిగితే కాదంటారా ఎవరైనా?"

ముఖియా నోట్లో పళ్లు లేవు. నవ్వితే మొహమంతా నవ్వుతుంది. "అనరు. అనకూడదు. అంటే ఇంటి మీద ఉమ్మినట్టే. అందుకేగా ఉప్పు కోసం కట్టేది." మళ్లీ చేట అందుకుని అన్నాడు: "ఒకటి గుర్తుపెట్టుకో. కట్టింది విప్పడం ఉండదు. మీరిక అన్నదమ్ములు, వాడి అమ్మ నీ అమ్మ, నీ చెల్లెలు వాడి చెల్లెలు. వాడు పోతే నువ్వు మైల పట్టాలి. నీ నోట వాడి పేరు రాకూడదు."

"తెలుసు బా."

"తెలిస్తే సరే," అని నన్ను ఒక్క క్షణం చూశాడు. "మీ మన్‌సరాకి చెప్పావా?"

"ఆమెకెందుకు?"

"నుదుట టీకాకి పెరుగులో బియ్యం కలపాలిగా. అందుకు."

అయిదో రోజు సాయంత్రం, ఇంకా ఎండ కొండ మీద ఉండగానే జట్టు దిగింది. అందరూ కాళ్లు ఈడుస్తూ వచ్చి భోజనాల గదిలో బల్లల చుట్టూ కూర్చున్నారు. మన్‌సరా అల్లం టీ గ్లాసులు తెచ్చి పెడుతోంది. ఆ రోజు ఆమె జడకి కొత్త ఎర్రరిబ్బను ఉంది. చెవులకి మా అమ్మ దుద్దులున్నాయి. ముఖియాని నేను ముందే పిలిచి పొయ్యి పక్కన కూర్చోబెట్టాను.

గైడు అందరికన్నా వెనక వచ్చారు. చేతిలో కొయ్య ఠేకీ ఉంది. నిండా రక్సీ. దాని మూతకి కొత్త తెల్లగుడ్డ చుట్టి కట్టి ఉంది.

మా వైపు మామూలుగా సారా తెచ్చేవాడు ఠేకీ మూతకి ఆకు కడతాడు. తెల్లగుడ్డ కట్టారంటే ఆ ఇంటి పిల్లని అడగడానికి వచ్చారని. ఇది చెప్పించుకోవలసిన విషయం కాదు, ఇక్కడ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

ఆయన గడప దాటి నా వైపు రెండడుగులు వేశారు. నోరు తెరవబోయారు. నేను లేచి నిలబడి, రెండు చేతులూ ఎత్తి, అందరికీ వినపడేలా అన్నాను.

"ముఖియా బా, మీ ఎదుట అడుగుతున్నా. ఈ మనిషి తొమ్మిదేళ్లు నా గడప ముందు సంచి దించాడు. ఇవాళ నుంచి నేను ఇతనితో మీత్ కట్టుకుంటా."

ఆయన ఆగిపోయారు. ముఖియా గుడ్డ చూడలేదో, చూసీ ఊరుకున్నాడో, ఒక్క నవ్వు నవ్వి చేతులు చరిచాడు.

"చూడండర్రా! వీడు అడగకముందే వాడు రక్సీ పట్టుకొచ్చాడు! ఇద్దరి మనసూ ఒకటే!"

జట్టు సామాన్లు మోసే మోతగాళ్లు ఈలలు వేశారు. జట్టులో ఎర్రటోపీ పెట్టుకున్న పెద్దావిడ ఒకరు, వాళ్ల భాషలో గైడుని అడిగింది. ఆ భాష నాకు మంచాలకీ భోజనాలకీ సరిపడేంత వచ్చు. ఆ మాటలు అర్థమయ్యాయి.

"ఏం జరుగుతోంది?"

"ఈయన..." ఆయన ఠేకీని ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకున్నారు. "ఈయన నన్ను అన్నదమ్ముడిగా చేసుకుంటానంటున్నారు. ఇది మా ఆచారం."

"ఎంత బాగుంది! అంటే మీరు ఈ ఇంట్లో మనిషి అవుతారన్నమాట?"

"అవును. ఇప్పుడు ఈయన తల్లి నాకు తల్లి. ఈయన భార్య నాకు వదిన. ఈయన..."

అక్కడ ఆగారు. పెద్దావిడ ఎదురుచూస్తోంది. మన్‌సరా టీ పళ్లెంతో గది మధ్యలో నిలబడి ఉంది. ఆమెకి ఆ భాష రాదు. అయినా ఆయన మొహమే చూస్తోంది.

"ఈయన చెల్లెలు నాకు చెల్లెలు," అన్నారు ఆయన.

విదేశీయులందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో ఫొటో తీశారు. మన్‌సరా మిగిలిన రెండు గ్లాసులు కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లకి ఇచ్చి, ఖాళీ పళ్లెం చంకన పెట్టుకుని వంటింట్లోకి పోయింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

మర్నాడు పొద్దున పెరట్లో మీత్ కట్టారు. ఇద్దరం ఎదురెదురుగా నిలబడాలి. మొదట ఒకరి మొహం ఒకరికి కనపడకుండా మధ్య గుడ్డ అడ్డం పట్టాలి. ముఖియా గుడ్డ కోసం అటూ ఇటూ చూశాడు.

"కొత్త గుడ్డ కావాలి. ఎవరి దగ్గరైనా ఉందా?"

"ఠేకీకి కట్టింది ఉందిగా బా," అన్నాడు ఎవరో కింది ఊళ్ల మోతగాడు. "రెండు మూరలుంటుంది."

అప్పటికే ఠేకీ ఖాళీ అయింది. గుడ్డ గోడ మీద ఉంది. దిల్‌మాయా ఒక అంచు పట్టుకుంది. రెండో అంచు పట్టుకోవడానికి ఇంట్లో ఆడమనిషి ఇంకొకరే ఉన్నారు. మన్‌సరా వచ్చి పట్టుకుంది. ఆ గుడ్డ పలచనిది. ఎండ వెనక నుంచి పడుతుంటే ఆయన నీడ నాకు కనపడుతోంది. తల దించి ఉన్నారు.

గుడ్డ తీశారు. టోపీలు మార్చుకున్నాం. దండలు వేసుకున్నాం. మన్‌సరా కలిపిన పెరుగూ బియ్యం ఒకరి నుదుట ఒకరం పెట్టాం. చేతులు మూడుసార్లు జోడించాం.

"ఇక నుంచి మీత్‌జ్యూ అనాలి," అన్నాడు ముఖియా. "ఒరే అనడం అయిపోయింది. అను."

ఆయన నన్ను చూశారు. కళ్లు ఎర్రబడలేదు, కోపమూ లేదు. మెట్ల దారిలో రాయి జారిపోతుందా లేదా అని చూసేటప్పుడు ఆయన అలా చూస్తారు.

"నమస్కారం మీత్‌జ్యూ," అన్నారు. "మీ దయ."

మీత్ ఇంటి ముందు కాక ఇంకెక్కడ సంచి దించుతారు? ఆయన దించడమే కాదు, తన కంపెనీలో మిగతా గైడులకి కూడా చెప్పారు. మీత్‌కి మేలు చెయ్యడం ఆయన బాధ్యత. ఆ సీజన్‌లో మంచాలు చాలక భోజనాల గదిలో బల్లలు కలిపి పరుపులు వేశాం. కప్తాన్ మేనేజరు అద్దాలు తుడుచుకుంటూ మా వైపు చూసేవాడు. కట్టెల మోపులు రోజుకి మూడు కాలేవి. పప్పు రెండు గుండిగలు పెట్టవలసి వచ్చేది.

అంతా నేను అనుకున్నట్టే జరిగింది. వంటింట్లో మాత్రం తేడా వచ్చింది.

ఆయన పొయ్యి పక్క పీట మీద కూర్చోవడం మానేశారు. భోజనాల గదిలో మిగతా గైడులతో బల్ల దగ్గర తినేవారు. వెల్లుల్లి దిల్‌మాయా ఒలిచేది. ఇప్పుడు మన్‌సరా ఆయన్ని కిటికీలోంచి కేకేయడం లేదు. ఎదురొస్తే కొంగు తల మీదికి లాక్కుని "బాగున్నారా అన్నా?" అనేది. ఆయన "బాగున్నాను చెల్లీ" అనేవారు. అంతే. గొర్రెలు లేవు, కుంటేవి లేవు. ఒకసారి జట్టులో ఒకాయన దాల్‌భాత్‌లో చక్కెర అడిగాడు. నేను వెళ్లి మన్‌సరాకి చెబితే, ఏదైనా అంటుందేమో అని ఆగాను. చక్కెర డబ్బా తీసి నా చేతికిచ్చి మళ్లీ గరిట తిప్పుకుంది.

ఒక మధ్యాహ్నం దిల్‌మాయా నేనూ దుప్పట్లు మడతపెడుతున్నాం. ఒక అంచు ఆమె చేతిలో, ఒకటి నా చేతిలో.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్తావా?" అంది.

"అడుగు."

"ఆ రోజు ఠేకీకి గుడ్డ చూశావా, చూళ్లేదా?"

"మంది ఉన్నారు. ఎవడు చూశాడు గుడ్డ?"

"మంచం కింద పోయిన పిన్నీసు రంగు చెప్తావు నువ్వు. గుడ్డ కనపళ్లేదా?"

"దుప్పటి సరిగ్గా పట్టుకో, నేల మీద పడుతోంది."

"నేను సరిగ్గానే పట్టుకున్నా," అంది ఆమె. "మొన్న మీత్ గుడ్డ కూడా సరిగ్గానే పట్టుకున్నా, ఏం పట్టుకుంటున్నానో తెలీక. మన్‌సరాకి తెలుసు. తెలిసీ వచ్చి పట్టుకుంది."

నేను దుప్పటి మడిచి గంప మీద వేశాను. ఆమె ఇంకో దుప్పటి అందుకుంది.

దీపాల పండగ తిహార్ వచ్చింది. అయిదో రోజు భాయ్ టీకా. మీరు భగినీ హస్త భోజనం అంటారే, అదే రోజు. అక్కచెల్లెళ్లు అన్నదమ్ముల చుట్టూ నూనె ధార పోసి యముడు దాటకుండా గీత గీస్తారు. సొంత అక్కచెల్లెళ్లు లేనివాళ్లు ఎవరింటికైనా వెళ్లి చెయ్యించుకుంటారు. మా మీత్‌కి తోబుట్టువులు లేరు. అన్నేళ్లూ ఆయన ఆ రోజు నుదురు ఖాళీగా జట్టుతో నడిచేవారు. ఆ ఏడు నడవక్కర్లేదు.

ఆయన జట్టు ముందు రోజు సాయంత్రమే కనుమ నుంచి దిగింది. పొద్దున పెరట్లో రెండు చాపలు పక్కపక్కన వేశారు. నేనొక దాని మీద, ఆయన ఒక దాని మీద కూర్చున్నాం. ఎర్రటోపీ పెద్దావిడ జట్టు ఎప్పుడో వెళ్లిపోయింది. ఇది వేరే జట్టు. ఒక పొడుగాటి కుర్రది, వాళ్ల నాన్నా ముందు వరసలో కూర్చుని చూస్తున్నారు.

మన్‌సరా స్నానం చేసి వచ్చింది. చేతిలో రాగి చెంబు, గరికపోచలు, నూనె. మా ఇద్దరి చుట్టూ మూడుసార్లు తిరుగుతూ నూనె ధార పోసింది. ఒకే గీత, రెండు చాపల చుట్టూ. తర్వాత గడప దగ్గర అక్రోటు పెట్టి రాయితో కొట్టింది. మొదటి దెబ్బకే పగిలింది.

ముందు నాకు టీకా పెట్టింది. బియ్యప్పిండి గీత నిలువుగా పెట్టి, దాని మీద ఏడు రంగులూ ఒక్కొక్కటే వేలితో అద్దింది. వాడని మఖమలీ పూల దండ మెడలో వేసింది. తర్వాత పక్కకి జరిగి ఆయన ముందు కూర్చుంది.

నేను ఆమె చేతినే చూశాను. ఏడు రంగులూ వరసగా, ఒకదాని మీదికి ఒకటి పోకుండా పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నారు. మోచేతి దగ్గర ఎర్రదారం కుట్లు అలాగే ఉన్నాయి.

"నూరేళ్లు బతుకు అన్నా," అంది ఆయనతో.

ఆ తర్వాత అన్నదమ్ములు చెల్లెలికి ఇచ్చే వంతు. ఆయన సంచిలోంచి ఊలుశాలువా తీసి ఇచ్చారు. ముదురు పచ్చది. దాని మడతలు అరిగి ఉన్నాయి. కొన్నాళ్లుగా సంచిలో తిరిగిన వస్తువు అది. ఆమె రెండు చేతులతో తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

నేను నా జేబులో చెయ్యి పెట్టాను. పోఖరా నుంచి తెప్పించిన బంగారు ముక్కుపుడక ఉంది. మంచిదే.

"ఆగు," అంది మన్‌సరా. "ఈ రోజు చెల్లెలు ఏదడిగినా ఇవ్వాలి కదా?"

"అడుగు. ఏం కావాలి?"

"ఇస్తావా?"

"ముందు అడుగు."

"నేను పెట్టిన టీకా నీ నుదుటి మీద తడిగా ఉంది. ఇస్తానని చెప్పు."

దిల్‌మాయా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇస్తాను," అన్నాను.

"ఆ రోజు ఠేకీకి తెల్లగుడ్డ ఉందా, లేదా? చూశావా, చూళ్లేదా? అంతే. ఇంకేం వద్దు."

పక్క చాప మీద మా మీత్ కళ్లు తెరవలేదు. ఇంట్లో ఎవరూ నన్ను ఇంత చిన్న వస్తువు అడగలేదు ఎప్పుడూ. చూళ్లేదంటే సరిపోయేది. ఆ గదిలో పాతికమంది ఉన్నారు, పొగ ఉంది, సందె వేళ. నమ్మదగ్గ మాటే. నేను అబద్ధం ఆడలేనివాణ్ని కాను. కప్తాన్ మేనేజరుతో రోజుకి మూడు ఆడతాను.

"చూశాను," అన్నాను.

మన్‌సరా తలాడించింది. "సరే. ఇచ్చావు."

పళ్లెంలోంచి సేల్‌రోటీ తీసి నా ముందు రెండు, ఆయన ముందు రెండు పెట్టింది. ముందు వరసలోని పొడుగాటి కుర్రది వంగి గైడుని అడిగింది, ఆమె ఏం కావాలందని. ఆయన కళ్లు తెరిచారు. ఆలోచించి, మాటలు వెతుక్కుని చెప్పారు.

"ఒక గుడ్డముక్క అడిగింది. ఇచ్చారు."

"అంతేనా? పాపం, ఎంత మంచి చెల్లెలు!"

ఆ సాయంత్రం మన్‌సరా నాతో వంటింట్లో రెండు మాటలే మాట్లాడింది. కప్తాన్ మనిషికి కబురు చేశానంది. "భయపడకు, మంగ్సిర్ దాకా ఉంటా," అంది. "నిండా జట్లున్నప్పుడు పొయ్యి వదిలి పోను. అది నీ దగ్గర నేర్చుకున్నదే."

"మరి అతనితో పోరాదూ?" అన్నాను. అలా అన్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

గరిట ఆపి నా వైపు తిరిగింది. "అన్నని చేసుకుంటారా ఎవరైనా?" అంది. "అంతమంది చూస్తుండగా కట్టావు కదా, ముఖియాతో సహా."

చివరి జట్టు దిగిపోయిన మర్నాడు ఆమె బాట దాటింది. తన మంచం, గరిటలు, పచ్చశాలువా పట్టుకుని నలభై అడుగులు నడిచి అవతలి గడప ఎక్కింది. ముక్కుపుడక నా దగ్గరే ఉంది.

ఇది జరిగి పదకొండేళ్లు. కనుమ దగ్గర గదులకి పైకప్పు వెయ్యలేదు. రాళ్లు అలాగే ఉన్నాయి, గాడిదలవాళ్లు గాలికి అడ్డంగా వాడుకుంటారు. మా మీత్ ప్రతి సీజన్‌లోనూ వస్తారు. కంపెనీ కప్తాన్ లాడ్జికి తీసుకెళ్లమని ఎన్నిసార్లు చెప్పినా ఆయన సంచి మా గడప ముందే దించుతారు. విదేశీయులు కొందరు అద్దాల గదివైపు వేలు చూపిస్తారు. అక్కడి నుంచి తిమూర్ వాసన వస్తుంటే ముక్కు ఎగబీలుస్తారు. ఆయన తల అడ్డంగా ఆడిస్తారు. మాకు ఇప్పుడు జట్టులో సగం మందే దక్కుతారు. మిగతా సగం తిండికి అవతలికి పోతారు. ఆయన మాత్రం మా బల్ల దగ్గరే కూర్చుని దిల్‌మాయా వండిన పప్పు తింటారు. ఉప్పెక్కువైన రోజు కూడా రెండోసారి వడ్డించమంటారు. మీత్ ఇంట్లో విస్తరి వదలకూడదు.

నన్ను ఇంద్రే అని పిలిచేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

భాయ్ టీకా రోజున మన్‌సరా బాట దాటి వస్తుంది. ఒక్క ఏడూ తప్పలేదు. గడప బయట చెప్పులు విడిచి, రాగి చెంబు పట్టుకుని, మా ఇద్దరి చాపల చుట్టూ మూడుసార్లు తిరుగుతుంది. అక్రోటు పగలగొడుతుంది. ఏడు రంగులూ వరస తప్పకుండా పెడుతుంది. నేను ముక్కుపుడక తీసి ముందు పెడతాను. "అప్పుడే ఇచ్చావుగా అన్నా," అంటుంది. ప్రతి ఏడూ అదే మాట.

తర్వాత లేచి, తడి నూనె గీత తొక్కకుండా దాటి, చెప్పులు వేసుకుని వెళ్లిపోతుంది. గీత ఆరేదాకా లేవకూడదు. మేమిద్దరం లోపల కూర్చుని ఉంటాం.